శోభ మేడం లేని రోజు

శోభను మొదటిసారి చూసినప్పుడు నాకు నచ్చలేదు. ఉన్నమాట చెబుతున్నాను. రెండువేల ఏడు జూన్‌లో, ఇబ్రహీంపట్నం దగ్గరున్న మా ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు లెక్కల టీచరుగా బదిలీ అయి వచ్చింది. ముప్పయ్యేళ్లు నిండని పిల్ల. స్కూటీ మీద దుమ్ము లేపుకుంటూ వచ్చి, స్టాఫ్‌రూములో కుర్చీ అయినా చూసుకోకముందే, "కంప్యూటర్ రూమ్ తాళంచెయ్యి ఎవరి దగ్గరున్నది?" అని అడిగింది. నేను అప్పటికి ఇరవై రెండేళ్లుగా సైన్సు చెబుతున్న హైమవతి టీచర్ని. వచ్చీరాగానే ఈ దూకుడేమిటమ్మా అనుకున్నాను.

ఆ గది మాకు పూజగదితో సమానం. సర్కారు ఇచ్చిన పదకొండు కంప్యూటర్లకూ మా హెడ్‌మాస్టరు రామారావుగారు ఎర్ర వెల్వెట్ ముసుగులు కుట్టించారు. ఏడాదికోసారి దసరాకు ఆ ముసుగులు తీసి, ఒక్కోదానికీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్లీ తాళం వేసేవాళ్లం. శోభ మొదటి కీబోర్డును తిరగేసి తట్టేసరికి గుప్పెడు ఎండిన బంతిపూల రేకులు రాలాయి. "అయ్యో సార్, గిన్నేండ్ల సంది వీటికి పూజలే చేసిండ్రా?" అని కడుపు పట్టుకుని నవ్వింది. కొబ్బరినీళ్లు తాగిన రెండు మాత్రం ఎంత చేసినా లేవలేదు. ఆ కాయ కొట్టింది నేనే. ఆ సంగతి ఆమెకు చాలా కాలం చెప్పలేదు.

ఆ నవ్వు ఆగస్టు దాకానే. పైనుంచి ఉత్తరం వచ్చింది. డిసెంబరులోగా తనిఖీ ఉంటుందనీ, అప్పటికి అన్ని సబ్జెక్టుల టీచర్లూ తమ తరగతులకు కంప్యూటర్ల మీద పాఠం చెప్పకపోతే వాటిని మరో బడికి తరలిస్తామనీ రాశారు. శోభ ముఖం మాడిపోయింది. ఇక్కడి చెరువులో చేపలు పట్టే చెన్నయ్య కూతురామె. చదివిందీ ఈ బళ్లోనే. సాగర్ రోడ్డు పొడవునా ఇంజనీరింగు కాలేజీలు లేస్తున్న రోజులవి. మా బడి పిల్లల తండ్రులు వాటి గేట్ల దగ్గర కాపలా ఉద్యోగాలు చేస్తున్నారు. "మా పిల్లలు గూడ గేటు కాడనే ఆగాల్నా మేడం? ఇవి పోనియ్య" అంది నాతో, కళ్లనీళ్లు తుడుచుకుంటూ.

బడి విడిచాక మాకు పాఠాలు మొదలుపెట్టింది. ఎలా చెప్పిందనుకున్నారు! ఏడో తరగతికి ఎక్కాలు చెప్పినట్టే, చేతిలో స్కేలు పట్టుకుని! నేను లాగిన లాగుడికి మౌసు బల్ల అంచు దాటి కింద పడింది. "ఎన్నిసార్లు చెప్పాలె మేడం, జర దిమాక్ పెట్టుండ్రి" అంది. కిటికీకి వేలాడుతున్న పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే తెలుగు పండితులు ఎల్లస్వామి సారైతే దేన్నీ ముట్టకుండానే లేచి వెళ్లిపోయారు.

మర్నాడు ఒక్కరమూ వెళ్లలేదు. మన్నెగూడలో ప్లాట్ల బేరాలు తప్ప మరో ధ్యాస లేని సోషల్ సారు జైపాల్, "పాఠం చెప్పినమని రిజిస్టర్ల అందరం సంతకాలు పెడితే ఒడిసె గదా! ఫికర్ ఎందుకు?" అన్నాడు. హెడ్‌మాస్టరుగారు కూడా తలూపారు. శోభ ఆ రిజిస్టరును చంకలో పెట్టుకుని ఎవరికీ ఇవ్వలేదు.

ఆ సాయంత్రం ఆమె నన్ను స్కూటీ మీద బస్టాండులో దింపడానికి తీసుకెళ్తుంటే దారిలోనే కడిగేశాను. "చూడు శోభా, నీకొచ్చింది మాకు రాదు, ఒప్పుకుంటాను. పిల్లల ముందు మా పరువు తీస్తే ఎవరొస్తారమ్మా? మాకేం వచ్చో ఒక్కసారైనా అడిగావా?"

బండి ఆపేసింది. "అవ్ మేడం. తప్పు నాదే" అంది. జాలేసింది గానీ, అన్నదానికి మాత్రం నేనేమీ బాధపడలేదు.

మర్నాడు గది కిటికీలకు పాత చీరల తెరలు వెలిశాయి. మధ్యాహ్నం మేమంతా టిఫిన్ డబ్బాలు తెరిచి కూర్చుంటే శోభ లేచి నిలబడింది. "నేను అట్ల మాట్లాడుడు తప్పే, మాఫ్ చేయుండ్రి. నాకు గూడ ఒకటి రాదు. కంప్యూటర్ల తెలుగు కొట్టుడు ఎంత తిప్పలు పడ్డా వస్తలేదు. ఎవరికన్న వస్తదా?"

ఎల్లస్వామి సారు పెరుగన్నం ముద్ద చేతిలో అలాగే పట్టుకుని, "టైపు మిషిన్ల ఉన్నట్టే ఉంటయా అండ్ల అక్షరాలు?" అన్నారు.

"అట్లనే పెట్టుకోవచ్చు సార్. మీకొస్తదా?"

"నల్లగొండల తెలుగు టైపు హయ్యర్ పాసైన. డెబ్బై ఆరుల. గా నౌకరి రాలే, పంతుల్నైన."

చెయ్యి కడుక్కుని వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నారు. మేమంతా వెనకాలే చేరాం. కళ్లు మూసుకుని రెండు నిమిషాలు అక్షరాల చోట్లు గుర్తుచేసుకున్నారు. ఆ తర్వాత టకటకా టకటకా! పదో తరగతి ప్రశ్నపత్రంతో మా కళ్లముందే పేజీ నిండిపోయింది.

"ఓ సార్! మస్తు దాచినవ్ గదా!" అన్నాడు జైపాల్.

"ఎవలన్న అడిగిండ్రా?" అన్నారు సారు, ముసిముసిగా నవ్వుతూ. శోభ స్కేలు పక్కన పడేసి, ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, నేర్పమని బతిమాలుకుంది.

అక్కడి నుంచి ఆమె మాకు చెప్పడం తగ్గించి, మమ్మల్ని అడగడం మొదలుపెట్టింది. "సార్, మీ ప్లాట్ల పటం దీంట్ల గీస్తరా?" అని జైపాల్‌ను అడిగితే, అతను వారంలో ఊరి పటమే గీసి తొమ్మిదో తరగతికి చూపించాడు. నన్ను కన్ను బొమ్మ గీయమంది. మూడు రోజులు గీసినా నా కన్ను కోడిగుడ్డులాగే వచ్చింది. నాలుగో రోజుకు కన్నయింది. పిల్లల ముందు గీసినప్పుడు వాళ్లు చప్పట్లు కొట్టారండీ! ఇన్నేళ్ల సర్వీసులో నాకు చప్పట్లు అదే మొదలు.

నవంబరు చివర్లో, చెప్పాపెట్టకుండా తనిఖీ అధికారి దిగారు. సరిగ్గా ఆ రోజే శోభ శిక్షణ కోసం మహేశ్వరం వెళ్లింది. హెడ్‌మాస్టరుగారికి ముచ్చెమటలు పోశాయి. "కంప్యూటర్ల ఇన్‌చార్జి లేకుండా ఏం చూపిస్తారు? వేరే బడివాళ్లు ఎదురుచూస్తున్నారు" అన్నారు అధికారి.

ఎల్లస్వామి సారు గోడకున్న తాళంచెయ్యి తీసుకున్నారు. "ఆమె లేకుంటె ఏమైతది సార్? పిరియడ్ నాది. మీరు కూసోండ్రి" అన్నారు. ఆయన ఎనిమిదో తరగతి పిల్లలతో వాళ్ల పేర్లు తెలుగులో కొట్టించారు. తర్వాత జైపాల్ పటం చూపించాడు. నా వంతు రాగానే కన్ను గీశాను, రెప్పలతో సహా! అధికారి మూడు పిరియడ్లు కదలకుండా కూర్చుని, కంప్యూటర్లు ఇక్కడే ఉంటాయని రాసి సంతకం పెట్టి వెళ్లారు.

తనిఖీ సంగతి తెలిసి శోభ సాయంత్రం రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. అప్పటికి బడి విడిచి అరగంట దాటినా గదిలో తొమ్మిది కంప్యూటర్ల ముందూ మనుషులున్నారు.

"సార్, తనిఖీకి వచ్చిండ్రంట గదా! మనవి తీస్కపోతరా?"

ఎల్లస్వామి సారు తల కూడా తిప్పలేదు. "ఏడికి తీస్కపోతరు? జర ఆగు బిడ్డా, కుర్చి ఖాళీ లేదు."

శోభ గడప మీదే కూలబడింది. నవ్వుతూనే ఏడ్చేసింది. నేను వెళ్లి పక్కన కూర్చుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేను లేకున్నా నడిసింది మేడం" అంది. "నేను లేకున్నా నడిసింది!"