పాప పేజీ కింద నేను రాసిన హిందీ

ఏడేళ్ళుగా ఈ బరువు మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు. దేవుడి దగ్గర కూడా తిన్నగా చెప్పలేదు. దండం పెట్టుకుని, వేరే ఏవో మాటలు చెప్పి లేచి వచ్చేసేదాన్ని. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే మీకు చెబుతున్నాను.

మాది రాయపూర్‌లో గుఢియారీ. మా మామగారు రైల్వే ఉద్యోగానికని విజయనగరం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా ఆయన ఉర్లాలో ఒక ఫ్యాక్టరీలో చేస్తారు. మాకు ఒక్కతే కూతురు. పేరు రాయను. ఇరవై నాలుగేళ్ళు వచ్చినా ఇంట్లో పాపే, ఇక్కడా పాపే.

పాపకు ఆటిజం. నాలుగో ఏట డాక్టరు చెప్పారు. ఆ మాట నేను గడప దాటనివ్వలేదు. మాలాంటి వాళ్ళకు ఒక సదుపాయం ఉంది చూడండి. వీధిలో హిందీ వాళ్ళు "బిటియా బాత్ క్యోం నహీ కర్తీ?" అని, పాప మాట్లాడదేమని అడిగితే, ఇంట్లో తెలుగు కదా, హిందీ రావడం లేదు అనేదాన్ని. విజయనగరంలో చుట్టాలు అదే అడిగితే, హిందీ వాళ్ళ మధ్య పెరిగింది కదా, తెలుగు రావడం లేదు అనేదాన్ని. రెండు చోట్లా నమ్మారు. నిజానికి పాపకు రెండు భాషలూ చదవడం, రాయడం శుభ్రంగా వచ్చు. తెలుగు అక్షరాలు మా అత్తగారి దగ్గర నేర్చుకుంది. మాటే తక్కువ. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పెద్దలు ఊరికే అన్నారా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

పాపకు పదిహేడేళ్ళప్పుడు శనివారాలు ఒక క్లాసుకు తీసుకెళ్ళేదాన్ని. ఆటిజం ఉన్న పిల్లలు పదిమంది దాకా వచ్చేవారు. నడిపే మేడం ఈ ఊరి మనిషే. పిల్లల్ని మార్చాలని ఆమె చూసేది కాదు. నువ్వెలా ఉంటావో నువ్వే తెలుసుకో, నువ్వే చెప్పు, సిగ్గుపడకు అనేది. మార్చనప్పుడు క్లాసెందుకు అని నాలో నేను గొణుక్కునేదాన్ని.

ఒకసారి అందరిచేతా 'నేను' అని ఒక్కో పేజీ రాయించింది. ఎవరికి ఏ భాష ఇష్టమైతే అందులో రాయమంది. పాప తెలుగులో రాసింది. ఆ పేజీలు ఒక హాల్లో గోడకు అంటించి, ఇరుగుపొరుగుల్ని పిలిచి చూపించాలని మేడం ఆలోచన. ఆమెకు తెలుగు రాదు. అందుకని పాప పేజీ నా చేతికిచ్చి, కింద హిందీలో అర్థం రాసిపెట్టమంది.

పాప రాసింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నాకు ఆటిజం. కుక్కర్ కూత వేస్తే నాకు నొప్పి. సంతోషం వస్తే చేతులు ఊపుతాను. నేను నవ్వేది చేతులతో. నేను ఇలాగే బాగున్నాను."

చదివిన తల్లికి సంతోషం కలగాలి కదా? నాకు భయం వేసింది. మా వీధి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వస్తున్నారు. పాపే వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, మేడం ఇచ్చిన పిలుపు కార్డు చేతిలో పెట్టి, మాట్లాడకుండా తిరిగొచ్చింది. పదమూడేళ్ళుగా నేను చెప్పిన కథ ఆ రోజుతో సరి. పోనీ, నయమైపోతోందనైనా అనుకోవాలి కదా వాళ్ళు? ఇలాగే బాగున్నానంటే ఇక మారదనేగా అర్థం? నేను భయపడింది పాప పరువు కోసమా, నా పరువు కోసమా? అప్పుడు పాప కోసమే అనుకున్నాను. పెన్ను తీసి కింద హిందీలో ఇలా రాశాను: "నా వల్ల అమ్మానాన్నలు చాలా కష్టపడుతున్నారు. నాకు త్వరలో నయమవుతుంది. నేనూ అందరిలా అవుతాను."

ఇది పాప మాటేనా అని మేడం ఒక్కసారి అడిగింది. అక్షరాలా అదే అన్నాను.

ఆ రోజు హాల్లో మేడం ఆ హిందీని మైకులో చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా వీధి ఆవిడ కళ్ళు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. పొద్దుటి నుంచి చేతులు ఊపుతూ తిరిగిన పాప గోడ దగ్గరకు వెళ్ళి, నా హిందీ మొత్తం చదివింది. చేతులు కిందికి దించేసింది.

ఇంటికి వస్తూ ఆటోలో అడిగింది.

"అమ్మా, కింద హిందీ నాది కాదు."

"మేడమే మార్చమన్నాదమ్మా."

"ఆవిడికి నాది పసంద్ రానేదా?"

"రానేదు. బాగునేదన్నాది."

"ఏది బాగునేదు? రాతా, నేనా?"

నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. పాప ఒక ప్రశ్న రెండోసారి అడగదు. జవాబు రాకపోతే తనే వెతుక్కుంటుంది. ఏం దొరికిందో నాకు ఆ వారమే తెలిసింది. క్లాసుకు రానంది. సంతోషం వస్తే చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవరైనా వస్తే తనంతట తనే లోపలి గదిలోకి వెళ్ళిపోయేది. పాపకు అక్కడ నచ్చలేదని మేడంకు ఫోన్‌లో చెప్పాను. పిల్ల బాగా నెమ్మదించింది, నీ పెంపకమే అని చుట్టాలు మెచ్చుకున్నారు. ఆ మెప్పు కూడా తీసుకున్నాను, సిగ్గు లేకుండా.

పోయిన వారం మేడం ఫోన్ చేసింది. ఆ పేజీలన్నీ దాచి ఉంచిందట. ఇప్పుడు ఆమె దగ్గరికి మన ఆంధ్రా వైపు నుంచి ఒక కొత్త టీచరు వచ్చిందట. పాప పేజీ ఆ అమ్మాయి చదివి అర్థం చెప్పిందట. మేడం గొంతులో కోపం లేదు. కోపంగా ఉన్నా బాగుండేది. శనివారం వచ్చి పాపతో మాట్లాడతాను అని పెట్టేసింది. ఈరోజు గురువారం. ఫోన్ మోగితే పాప కంటే ముందు నేనే పరిగెత్తి ఎత్తుతున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే కిటికీలోంచి తొంగి చూస్తున్నాను.

ఈ ఒప్పుకోవడమైనా నిజమైనదేనా? ఆ ఫోన్ రాకపోతే ఈ కాగితం ముందు కూర్చునేదాన్నా? ఏమో. కూర్చునేదాన్ని కాదేమో.

పాప పక్క గదిలో వాళ్ళ నాన్న చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. నాలుగడుగుల దూరం. తిడుతుందని నా భయం కాదు, పాప ఎవరినీ తిట్టదు. ఇంకా ఏమేం మార్చావు అని అడుగుతుంది. అడిగి, మొత్తం చెప్పేదాకా నా ఎదురుగా కూర్చుంటుంది. నేను చెప్పిందల్లా నిజమని నమ్మి పెరిగిన పిల్ల, ఈ ఒక్కటీ కూలాక ఇంక దేన్ని నమ్ముతుంది? రేపు నేను నువ్వు బాగున్నావమ్మా అంటే, అది మాత్రం ఎందుకు నమ్మాలి?

అయినా రాస్తున్నాను. ఆ రోజు మేడం ఏమీ అనలేదు. మార్చింది నేను, బాగోలేదన్నది నేను. రాసినంత మాత్రాన భయం తగ్గలేదు. ఆటోలో పాప అడిగినదానికి కూడా జవాబు ఇక్కడే రాసేస్తాను, మళ్ళీ ఈ ధైర్యం వస్తుందో రాదో. రాతకేం, ముత్యాల్లాంటి రాత. ఆ రోజు నాకు బాగోలేదనిపించింది పాపే.