జాన్ బాబు కుడిచెయ్యి

అనకాపల్లి గవరపాలెంలో పుట్టి పెరిగిన జాన్ బాబు విమానంలో కో-పైలట్. డ్యూటీ ఉన్న రోజు విశాఖ ఎయిర్‌పోర్టుకు బయల్దేరుతుంటే, వీధి చివర ఆటో సత్తియ్య ఎదురొచ్చి అతని పెట్టె తానే మోసేవాడు. మోస్తూ ఓ మాట అనకుండా ఉండేవాడు కాదు.

“ఏటి మామా, ఇమానం దానంతటదే ఎగురుతాదంట గదా. లోపల నువ్వేటి సేత్తావు?”

“నీ ఆటో మీటరు లాగ. ఉంటాను గానీ తిరగను.”

నవ్వులాటకి అన్నా అది నిజమే. నేల వదిలిన కాసేపటికే ఆటోపైలట్ వేసెయ్యడం వాళ్ల కంపెనీలో అలవాటు. వాతావరణం బాగుంటే చేత్తో నడుపుకోవచ్చని రూలుంది. కానీ ఏ కాస్త తేడా వచ్చినా విమానంలో రికార్డు చేసే మిషను పట్టేస్తుంది, ఆఫీసువాళ్లు కెప్టెన్‌ని పిలిచి అడుగుతారు. అందుకే కెప్టెన్ వెంకటరమణ జాన్ చేతికి విమానం ఇచ్చేవాడు కాదు.

ఆయన రావికమతం వైపు మనిషి, మనసు మంచిది. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరలో సగం జాన్‌కే పెట్టేవాడు. “సార్, ఈరోజు విమానం నేను దింపుతాను” అని జాన్ అడిగితే భుజం తట్టేవాడు.

“చెయ్యి తియ్యరా నాయనా. అలిసిపోయున్నావు. అదే సూసుకుంటాది.”

హైదరాబాదులో, విమానం ముందుగదిలాగే ఉండే సిమ్యులేటర్‌లో వాళ్లకు పరీక్ష పెడతారు. కిందటిసారి చేత్తో నడపమన్నప్పుడు జాన్ తప్పాడు. మళ్లీ తప్పితే ఉద్యోగం పోతుంది. ఈసారి పరీక్ష పెట్టేది వెంకటరమణే అని తెలిసి, దేవుడు దారి చూపించాడనుకున్నాడు.

వంటింట్లో స్టూలు మీద కూర్చుని చపాతీ కర్రనే విమానం నడిపే కర్ర అనుకుని కుడిచేత్తో పట్టుకుని సాధన చేశాడు. భార్య రోజలిన్ అట్లు పోస్తూ అడిగేది.

“ముక్కు పైకి లేసింది. స్పీడు పడిపోతంది. ఏటి సేత్తావు?”

“కిందికి నొక్కుతాను.”

“మెల్లగా. అది పిండి కాదు.”

పరీక్షలో వెంకటరమణ ఆటోపైలట్ తీసేశాడు. తెర మీద ఎటు వెళ్లాలో చూపించే ఆకుపచ్చ గీతలూ తీసేశాడు. ఇన్నాళ్లూ జాన్ నడిచింది ఆ గీతల వెంటే. లేని గీతల చోటికే అతని కళ్లు పోతున్నాయి. ఈలోగా స్పీడు పడిపోయింది. కంగారులో నొక్కాల్సింది పోయి లాగాడు. రెక్క ఒరిగింది, రన్‌వే పక్కకు జారిపోయింది.

“మళ్లీ,” అన్నాడు వెంకటరమణ.

మళ్లీ అదే అయింది. సిమ్యులేటర్ ఆపేశారు.

“నీ చేతికేటయ్యిందిరా?” అని వెంకటరమణ నిజంగా బాధపడుతూనే అడిగాడు.

“మీరే తియ్యమన్నారు కద సార్.”

“తియ్యమన్నాను. మర్చిపొమ్మన్నానా?”

ఫెయిలని రాసి సంతకం పెట్టాడు. కుర్రాడు ఒంటరిగా పోకూడదని, విశాఖలో దిగాక తన కారులోనే అనకాపల్లి తీసుకొచ్చాడు. దారిలో ఆపి మజ్జిగ తాగించాడు. సంగతి చెప్పడానికి జాన్‌కు నోరు రాకపోతే, అతని తల్లి కృపావతికి తానే చెప్పాడు.

“పిల్లోడికి చెయ్యి కుదరలేదమ్మా. ఉద్యోగం పోయినట్టే. నేనేమీ చెయ్యలేకపోయాను.”

ఆమె లేచి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

“ఇన్నాళ్లూ మావోడికి కష్టం తెలీకుండా సూసుకున్నారు బాబూ. మీలాంటోళ్లు ఎక్కడ దొరుకుతారు?”

అక్కడే కళ్లు మూసుకుని, ఆయన్నీ ఆయన పిల్లలనీ చల్లగా చూడమని ప్రభువుని అడిగింది. ప్రార్థన అయ్యాక కొడుకు వైపు చూసి ఆగింది.

జాన్ బాబు ఆమేన్ అన్నాడు.