నడుం దాకా వచ్చిన నీళ్లు

ఉద్యోగ విరమణ తర్వాత ఆదివారాలు అడాజన్ నుంచి బస్సులో ఊరి ఆ చివర పాండేసర వెళ్లి, తెలుగు నేల నుంచి వలస వచ్చిన మిల్లు కార్మికుల పిల్లలకు తెలుగు చెబుతున్నాను. పాఠం పుస్తకంలోంచే కాక వాళ్ల గల్లీలోంచి కూడా రావాలని నా పట్టుదల. గల్లీకి ఆ పేరెలా వచ్చింది, మొదట వచ్చిన కుటుంబం ఏ ఊరిది, బోరింగు ఎప్పుడు వేశారు – పిల్లలు పెద్దలను అడిగి వచ్చేవారు. నేను డైరీలో పాఠానికో పేజీ కేటాయించి రాసుకునేవాణ్ని.

ఆ వానకాలం పాఠం వరద. ఈ పిల్లలు పుట్టకముందు, పక్కనున్న ఖాడీ వాగు పొంగి గల్లీని ముంచేసింది. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఇంటింటా అడిగి రమ్మన్నాను. మరుసటి ఆదివారం అందరూ ఒకే జవాబు తెచ్చారు: నడుం దాకా.

నాకది మింగుడు పడలేదు. గల్లీ ఖాడీ వైపు వాలుగా దిగుతుంది. ఎగువ ఇంట్లో నడుం దాకా ఉన్న నీళ్లు దిగువ ఇంట్లో కూడా నడుం దాకానే ఎలా ఉంటాయి? పెద్దల మాటను సరిచూసుకోవడం కూడా చరిత్ర పాఠమే అనుకున్నాను.

ఒక పిల్ల తండ్రి తాపీమేస్త్రీ. మట్టం చూసే నీళ్ల పైపు తెచ్చాడు; ఎంత దూరం సాగదీసినా దాని రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టాన నిలుస్తాయి. గల్లీ మొదట్లో పాత బిల్డింగు మెట్ల కింద, సున్నం పడని గోడ మీద వరద చార ఇంకా ఉంది. పైపు ఒక కొస ఆ చారకు పెడితే రెండో కొసలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అక్కడ పక్క గోడ మీద సుద్దగీత. అక్కడి నుంచి మళ్లీ ముందుకు.

మొదటి ఇంటి దగ్గర గీత మోకాలెత్తున ఉంది.

"గిందుల కప్ప గూడ మునగది!" అని ఒక పిల్ల నవ్వింది.

"నువ్వు మునుగుతవ్ గదనే, పొట్టిదానా!"

కొన్ని ఇళ్లు దాటేసరికి తొడల మీదికి, తర్వాత చాతీ మీదికి వచ్చింది. గీత కదలడం లేదు, మేమే దిగుతున్నాం. రెండు వైపులా గోడల మీద తెల్లటి గీత, మధ్యలో మేము. అది పిల్లల మెడలు దాటింది. ఒక పిల్ల తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టి నడుస్తోంది. వీపు తడితే వదిలింది. కాసేపటికి గీత పిల్లలందరి తలలూ దాటింది.

మేస్త్రీ నా పక్కకు వచ్చాడు. "సారూ, ఈడికి బంద్ జేద్దాం."

"ఎందుకయ్యా? ఇంకా రెండు మూడు ఇళ్లేగా?"

గొంతు తగ్గించాడు. "గా కొస ఇంటి అవ్వ పెనిమిటి వరదల పోయిండు. పెండ్లాం పిల్లలను ముందుగాల్నే ఎగువ బిల్డింగుకు తోలి, సామాను జూస్తనని తను ఇంట్లనే ఉండె. పీనుగ దొరకలె. నడుం దాక నీళ్లల్ల మనిషి మునుగుతడా, ఏడికో పోయిండు, అస్తడు అని గల్లీ అంత జెప్పినం. గా మాట మీదనే బతుకుతున్నది."

పైపు చుట్టేయమన్నాను. అప్పటికే ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. నుదుట పెద్ద ఎర్రబొట్టు, కాళ్లకు మట్టెలు.

"ఏంది సారూ, నా గోడకు గీత లేదా? నేను గీ గల్లీదాన్ని గానా?"

"వాన వచ్చేలా ఉందమ్మా. మళ్లీ వారం చూద్దాం."

"అస్తే రానియ్యి. నేనేమన్న బెల్లం ముక్కనా కరగనీకి? గియ్యుండ్రి."

పిల్లలు నా వైపు చూశారు. నేను తల ఊపాను.

ఆమె వెళ్లి, బడిలో ఎత్తు కొలిపించుకునే పిల్లలా గోడకు వీపు ఆనించి నిలబడింది. చేయి పైకెత్తి, తలకు జానెడు పైన అరచెయ్యి గోడకు ఆనించింది.

"ఆయన నాకన్న జానెడు పొడుగు. గింతుంటడు."

మేస్త్రీ పైపు మళ్లీ విప్పి, ఒక కొస వెనకటి గీత దగ్గర పట్టించి, రెండో కొస ఆ చేతి పక్కన పెట్టాడు. లోపలి నీళ్లు ఎక్కాయి, దిగాయి, కాసేపు ఊగాయి. ఆమె చేతికి బెత్తెడు పైన ఆగిపోయాయి. సుద్ద పట్టుకున్న పిల్ల కదల్లేదు. ఆమె చెయ్యి అలాగే ఉంచి వెనక్కి తిరిగి చూసింది. రెండో చేత్తో సుద్ద అందుకుని, నీళ్లు ఆగినచోట తనే గీత గీసింది.

తర్వాత అడిగింది, నన్ను కాదు, పిల్లలను.

"మునికాళ్ల మీద నిలవడి మొఖం మీదికి లేపితె... మూతి బయటనే ఉంటది గద, బిడ్డా?"

సుద్ద ఇచ్చిన పిల్ల గోడ పక్కకు వెళ్లి మునికాళ్ల మీద లేచి, ముఖం ఆకాశం వైపు ఎత్తింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే వెళ్లి వరసగా అలాగే నిలబడ్డారు, నోళ్లు తెరిచి. గీత వాళ్లందరికీ ఇంకా చాలా ఎత్తున ఉంది.

ఆమె వరస వెంబడి నడిచింది. చివరన ఉన్న చిన్నపిల్ల గడ్డం కింద వేళ్లు పెట్టి మెల్లగా పైకి లేపింది.

"ఇంక జర, బిడ్డా," అంది. "ఇంక జర."