దాలిలో దాచిన గాజు మామిడికాయ

ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయాలి. వచ్చే నెలలో మా నాయన ఆరిపోయిన కొలిమిని మళ్లీ రాజేస్తానంటున్నాడు... ఇద్దరు ఆడపిల్లలకు గాజు ఊదడం నేర్పడానికి. కాని ఒక సంగతి తేలితేనేనట. అది తేల్చవలసినవాళ్లు ఈ పత్రిక చదివే మీరు.

మా చిన్నప్పుడు నరసరావుపేటలో మా పెరట్లో చెప్పుల్లేకుండా నడవడానికి లేదు... ఎటు చూసినా సోడా బుడ్ల పెంకులే! నాయన వాటిని మట్టి మూసలో కరిగించి, ఇనప గొట్టంతో ఊది కాయలు చేసేవాడు. మామిడికాయ, వంకాయ, నిమ్మకాయ... లేత ఆకుపచ్చ రంగులో, ఉల్లిపొరంత పలచగా ఉండేవి. అమ్మ తిత్తి కొట్టేది. పీర్ల పండక్కి జనం ఆ కాయల మెడకు దారం కట్టి చావిట్లో వేలాడదీసేవాళ్లు.

నేను మిషను బడిలో మూడో తరగతి. మా ఇంట్లో పలక పట్టిన మొదటిదాన్ని నేనే.

అవి యుద్ధం రోజులు... ఓడల్లో వచ్చే సీమ సామాను ఆగిపోయింది. మా టీచరమ్మ ఒకనాడు ఇంటికే వచ్చి, క్రిస్మస్ చెట్టుకు కాయలు చేసిపెట్టమని అడిగింది.

"దారం జారిపోతుంది, సైదులూ. పైన గాజు కొక్కెమే పెట్టు" అంది.

నాయన పొంగిపోయాడు. ఒక్కో కాయా ఊది, తొడిమ మీద కరిగిన గాజు లావుగా ఒక బొట్టు వేసి, పటకారుతో కొక్కెంలా వంచి, చల్లారడానికి ఎప్పటిలాగే ఇసుక మీద పెట్టాడు.

తెల్లారి చూస్తే కొక్కేలు ఒక పక్క, కాయలు ఒక పక్క... అన్నీ తొడిమ దగ్గరే విరిగాయి.

"దిష్టి! ఈధి ఈధంతా వచ్చి చూసిపోతిరి" అంది అమ్మ. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. మా అందరికీ దగ్గు.

"దిష్టి లేదు, ఏం లేదు. పల్చటి కాయని ఇసక మీద పెడితే చాలన్నాడు, నాకీ పని నేర్పిన మా ఉస్తాదు. అట్నే పెట్టాగా! ఇంకొక్క వాయి చూస్తా. అదీ ఇరిగితే గొట్టం అటకెక్కిచ్చి పిడుగురాళ్ల పోదాం, సున్నపు బట్టీలకి. అందరం" అన్నాడు నాయన.

"మరి నా బడి?" అన్నాను.

నాయన వంగి, విరిగిన పెంకులు మూసలోకి ఏరడం మొదలుపెట్టాడు.

మర్నాడు రెండో వాయి ఊదాడు. అందులో ఒక మామిడికాయ... ముక్కు కాస్త వంకర తిరిగి, అచ్చం కొమ్మ నుంచి కోసినట్టే ఉంది. బడి పోయినా అదొక్కటన్నా నాకు మిగలాలనిపించింది. నాయన నీళ్లు తాగడానికి అటు తిరిగిన క్షణాన, కొక్కెం మీది ఎరుపు ఇంకా పోకముందే, పటకారుతో పట్టుకుని పరుగెత్తాను. ఎక్కడ దాచను? దాలి కనిపించింది. పిడకల నిప్పు మీద పాలకుండ పొద్దంతా కాగే గుంట అది... ఆ వేడి బూడిదలో ఒక పక్కగా పూడ్చేశాను. ఒకటి తగ్గితే పిల్లి దొర్లించిందనుకున్నాడు నాయన.

తెల్లారి మళ్లీ అదే గతి. ఇసుక మీద ఒక్కటీ నిలవలేదు. నాయన గొట్టం తుడిచి అటక మీద పెట్టాడు. అమ్మ గిన్నెలు మూట కడుతోంది.

నేను దాలి దగ్గరికి వెళ్లి బూడిద తీశాను... చల్లబడిన మామిడికాయ, మసి పట్టి, కొక్కెంతో సహా చెక్కుచెదరకుండా ఉంది.

చూపిస్తే దొంగనని తెలిసిపోతుంది. చూపించకపోతే పిడుగురాళ్ల. రెండు చేతులా పట్టుకెళ్లి నాయన ముందు పెట్టాను.

"నేనే తీశా నాయనా..."

నాయన తిట్టలేదు. కాయను చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాడు. ఖంగుమంది.

"ఏడ పెట్టావే దీన్ని?"

"దాలిలో."

"ఎప్పుడు?"

"కొక్కెం ఒంచిన ఎంటనే."

"పాలల్లో బూడిదేందా అని రాత్రి నుంచీ నేను తిట్టుకుంటన్నా!" అంది అమ్మ.

నాయన గొట్టం మళ్లీ దించాడు. ఆ రోజు నాలుగు కాయలు దాలిలో, నాలుగు ఇసుక మీద. కొక్కెం లేనిది కూడా ఒకటి ఇసుక మీదే పెట్టాడు. తెల్లారేసరికి దాలిలోవి నాలుగూ బాగున్నాయి. ఇసుక మీద కొక్కెం లేనిది ఒక్కటే మిగిలింది.

"ఉస్తాదు మాట అబద్ధం కాదే, సైదమ్మా. ఉత్త కాయకి అక్కర్లా. కొక్కేనికే కావాల. లావుగా ఉండేది నిదానంగా చల్లారాల. లేకుంటే పల్చటిదాన్ని పట్టుకులాగి తెంపుద్ది" అన్నాడు.

ఆ వారం మా కాయలకు చోటివ్వడానికి వీధిలో నాలుగిళ్ల దాలుల మీంచి పాలకుండలు దిగాయి. "పెరుగు తోడుకోకపోతే నీ మొగుణ్ణే తోడెయ్యమను!" అని పక్కింటి పిన్ని అమ్మను ఆటపట్టించేది... తనే ముందుగా బూడిద సర్ది పెట్టేది. అమ్మ కట్టిన మూట విప్పేసింది. నేను బడికి పోయాను.

క్రిస్మస్ పండగయ్యాక టీచరమ్మ ఆ కాయలను పిల్లలకు పంచింది. నాదెండ్ల, క్రోసూరు, ఇంకా ఏయే ఊళ్లకో వెళ్లిపోయాయి... తర్వాత యుద్ధం ఆగింది. సీమ కాయలు తళతళా మెరుస్తూ మళ్లీ వచ్చాయి. మా సోడా బుడ్ల ఆకుపచ్చను అడిగేవాళ్లు లేకపోయారు. కొలిమి ఆరింది.

ఆ దాలి రాత్రికి ఏడేళ్లయింది. ఇప్పుడు నేను టీచరు ట్రైనింగులో ఉన్నాను. ఆ ఇద్దరు పిల్లలకు నేర్పమని నేనే నాయన్ను అడిగాను. "కొక్కెం ఒక్క రాత్రి ఆగిందని తెలుసు. ఏడేళ్లు ఆగిందో లేదో తెలీకుండా, ఇట్టా చెయ్యండని పిల్లలకి ఎట్టా చెప్పేది?" అంటున్నాడు.

అందుకే అడుగుతున్నాను... మీ ఇంట్లో, ఏ అటక మీదో, పెట్టె అడుగునో, లేత ఆకుపచ్చ గాజుకాయ ఉందేమో చూడండి. డిసెంబరు పదో తేదీలోగా ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు ముక్క రాయండి. పగిలి ఉన్నా రాయండి... ఎక్కడ పగిలిందో మాత్రం తప్పకుండా రాయండి. పొట్ట దగ్గరైతే ఎవరి చేతిలోంచో జారి ఉంటుంది. తొడిమ దగ్గరైతే ఆ తప్పు మాది... దిద్దుకునే మొదలుపెడతాం.