మూడు మునకలు

చరిత్రకారులు యుద్ధాలకూ సంధులకూ తేదీలు రాసిపెడతారు గానీ అలవాట్లకు రాయరు. అందువల్ల ఔషధ పరిశోధనాలయం రెండో అంతస్తులో అందరూ పెద్దక్క అని పిలిచే శాస్త్రవేత్త పిపెట్‌ను మందునీళ్ళలో మూడుసార్లు ముంచే ఆచారం ఏనాడు అవతరించిందో ఎక్కడా నమోదు కాలేదు. పిపెట్ అంటే చుక్కలో పదోవంతును కూడా కొలతగా పీల్చి వదిలే చేతి పనిముట్టు. దానికి ప్రతిసారీ కొత్త ప్లాస్టిక్ ముక్కు తొడుగుతారు. లోకమంతా ఒక్కసారి పీల్చి పని కానిస్తుంది. పెద్దక్క మాత్రం మూడుసార్లు పీల్చి, మూడుసార్లు వదిలి, నాలుగోసారి పీలిస్తే గానీ పనిలోకి దిగేది కాదు. ఇంట్లో తల్లికి దగ్గుమందు పోసేటప్పుడూ మూతను మూడుసార్లు తడిపి ఒంపేది.

"మందు నాకా, మూతకా?" అనేది తల్లి.

పదకొండేళ్ళుగా పెద్దక్క ఒక న్యూరోపెప్టైడ్ వెంట పడింది. మెదడులో ఒక కణం ఇంకో కణానికి పంపే కబురు లాంటిది అది. ఇంత చిన్న ప్రోటీను ముక్క. ఆ కబురు వెళ్ళి తట్టే తలుపును రిసెప్టర్ అంటారు. ఆ పెప్టైడ్ తట్టే తలుపు ఏదో ఎవరికీ తెలియదు. సరైన తలుపు తెరుచుకుంటే, రంగు పట్టించి ఉంచిన కణం సూక్ష్మదర్శిని కింద మిణుకుమంటుంది. పెద్దక్క ఆ మిణుకు చూసింది, ఒకసారి కాదు, రెండు వందల సార్లు. వ్యాసం రాసింది. అచ్చయింది.

ఆరు నెలలకు రెండు ఉత్తరాలొచ్చాయి, రెండు వేర్వేరు చోట్ల నుంచి. మీరు రాసినట్టే చేశాం, ఒక్క కణమూ మిణుకుమనలేదు అని వాటి సారాంశం. మర్యాద మాత్రం దండిగా ఉంది.

శాఖాధిపతి ఆవిడను పిలిచి కుర్చీ చూపించారు. ఆయన కుర్చీ చూపిస్తే కబురు మంచిది కాదని అందరికీ తెలుసు.

"నీ చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ పలకనిదాన్ని శాస్త్రం అనరమ్మా, హస్తవాసి అంటారు. నెల రోజులు చూద్దాం. ఇంకొకళ్ళ చేత చేయించు. కాలేదా, వ్యాసం వెనక్కి తీసుకుందాం."

పదకొండేళ్ళను వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆయన చెప్పలేదు.

ఆ ఇంకొకళ్ళు పక్క బల్ల దగ్గరి పరిశోధకురాలు. పట్టిన పని వదలదు, పట్టిన మనిషిని అసలే వదలదు గనుక అందరూ కందిరీగ అనేవారు. ఆమె అదే మందుతో, అవే కణాలతో, అదే పూట ప్రయోగం చేసింది. కణాలు బెల్లం కొట్టిన రాళ్ళలా ఉండిపోయాయి. పది నిమిషాల తర్వాత పెద్దక్క చేస్తే మిణుకుమన్నాయి. వారం రోజులు ఇదే తంతు. పెద్దక్కకు అన్నం సహించడం మానేసింది. తనకు తెలియకుండా తానే ఏదో మోసం చేస్తున్నానేమోనని భయం పట్టుకుంది.

"అక్కా, నువ్వు చెయ్యి. నేను పక్కన కూర్చుని దొంగని కాపలా కాసినట్టు కాస్తా," అంది కందిరీగ.

కాసింది. నలభై మూడు అంశాల జాబితా తేలింది. కాలితో స్టూలు లాక్కోవడం, కిటికీ మూయడం, గొంతు సవరించుకోవడం, అంకెలు గొణుక్కోవడం, అన్నీ ఎక్కాయి. తర్వాత ఒక్కొక్కటీ మాన్పించడం మొదలుపెట్టింది. కిటికీ తెరిచినా కణాలు మిణుకుమన్నాయి. స్టూలు లాక్కోకపోయినా అంతే. గొంతు సవరించుకోకుండా ఆపడానికే ఒక పూట పట్టింది. ముప్పై ఒకటో అంశం మూడు మునకలు. అవి మాన్పించగానే, పెద్దక్క చేతిలో కూడా, కణాలు చీకటైపోయాయి.

"అది ఊరికే చేస్తానే," అంది పెద్దక్క బిత్తరపోయి.

కందిరీగ పెన్సిల్ తీసుకుని లెక్క కట్టింది. ఆ పెప్టైడ్ జిగురు స్వభావం గలది. అంత పలచన చేసినప్పుడు ఉన్నదాంట్లో చాలా మటుకు ప్లాస్టిక్ ముక్కు గోడలకే అంటుకుపోతుంది. మూడు మునకలతో గోడలు నిండితే నాలుగోసారి పీల్చింది కణాలకు చేరుతుంది. మిగతా లోకం ఆ కణాలకు ఇన్నాళ్ళూ పోసింది దాదాపు ఉత్త నీళ్ళు.

"అమ్మ చెప్పినట్టే, మొదట మూతకే పోస్తున్నా," అని పెద్దక్క బల్ల మీద తల ఆనించి చాలాసేపు నవ్వింది. మధ్యలో కళ్ళు తుడుచుకుంది కూడా.

కందిరీగ మూడుసార్లు ముంచింది. కణాలు మిణుకుమన్నాయి. కబురందుకున్న ఆ రెండు చోట్లా ముంచారు, అక్కడా మిణుకుమన్నాయి. వ్యాసం నిలిచింది. శాఖాధిపతి సభ పెట్టి, పదార్థంతో పదకొండేళ్ళు సహవాసం చేసిన చేతికే ఇలాంటి సూక్ష్మం స్ఫురిస్తుందని గంభీరంగా సెలవిచ్చారు. ఆ స్ఫురణ ఎలా కలిగిందో వార్షిక నివేదికకు ఒక పేరా రాయమన్నారు.

పెద్దక్క నిజాయితీపరురాలు. తనకు పిపెట్ పట్టడం నేర్పిన పాత ల్యాబ్ అటెండర్‌కు ఫోన్ చేసి, మూడుసార్లు ముంచడంలో ఆయన ఉద్దేశం ఏమిటని అడిగింది.

"అదామ్మా? అప్పట్లో మనకున్న పిపెట్ మొదటి రెండు మూడు సార్లు సరిగ్గా పీల్చేది కాదు. స్ప్రింగు పోయింది."

ఆ స్ప్రింగును మార్పించి పద్నాలుగేళ్ళయింది.