నరికెయ్యమన్న చెయ్యి

ఫ్యాన్ గాలికి కేక పెట్టిన రోజున నా ఒంట్లో ఏదో తేడా చేసిందని తెలిసింది. మణికట్టుకి వేసిన పిండికట్టు అప్పుడే విప్పించుకుని ఇంటికొచ్చి మంచం మీద వాలాను. చెమటలు పోస్తున్నాయని నా భార్య తులసి ఫ్యాన్ వేసింది. ఆ గాలి కుడిచేతి మీద పడగానే ఎవరో సలసల కాగే నూనె పోసినట్టయింది. ఎగిరి గోడకి కొట్టుకున్నాను. "ఫ్యానాపవే!" అని నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఫ్యాన్ వైపు చూశారు, నా వైపు చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గాలికి నొప్పేమిటని వాళ్ళకి అనుమానం వచ్చింది. నిజం చెప్పాలంటే నాకూ వచ్చింది.

నా పేరు నాంచారయ్య. బందరు గిలకలదిండి హార్బర్లో ఐస్ క్రషర్ నడుపుతాను. బోటు వేటకి బయల్దేరే ముందు ఐస్ నింపుకోవాలి. ఫ్యాక్టరీ నుంచి లారీలో ఐస్ దిమ్మలు వస్తాయి. వాటిని క్రషర్లోకి తోస్తే ఇనుప పళ్ళు పటపటా నమిలి, పొడి చేసి బోటులోకి కక్కుతాయి. ఆ హోరులో మాట వినపడాలంటే అరవాలి. ఏళ్ళ తరబడి అలా అరిచి, ఇంట్లో ఉప్పు అడిగినా తగువుకి దిగినట్టే ఉండేది నా గొంతు.

దెబ్బ తగిలిన రోజు లారీ మీంచి ఒక దిమ్మ జారింది. దాని కింద, క్రషర్ అంచు మీద నా చెయ్యి ఉంది. ఇనుముకీ ఐసుకీ మధ్య మణికట్టు నలిగిన చప్పుడు అంత హోరులోనూ నాకు వినపడింది. లాక్కుందామంటే చెయ్యి రాదు. నాతో పనిచేసే రహీమ్ కొక్కెం వేసి దిమ్మని లాగేదాకా అక్కడే వేలాడుతూ, వచ్చిన బూతులన్నీ తిట్టాను.

బందరులోనే ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముక విరిగిందని కట్టు వేశారు. కట్టు విప్పాక మళ్ళీ తీశారు. డాక్టరుగారు ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి "బ్రహ్మాండంగా అతికిందయ్యా, ఇక వాడుకో" అన్నారు. ఎముక నిజంగానే అతికింది. చెయ్యి మాత్రం వాచిపోయి, ఎర్రగా నిగనిగలాడుతూ, కాసేపు కాలిపోయేది, కాసేపు శవం చెయ్యిలా చల్లబడేది. చొక్కా తగిలినా, దుప్పటి తగిలినా ప్రాణం పోయేది.

మా హార్బర్లో ఏ దెబ్బకైనా ఒకటే మందు. కాలు బెణికినా, చేపముల్లు దిగినా, తల పగిలినా ఐసే. రహీమ్ రోజూ పని అయ్యాక థర్మోకోల్ పెట్టెలో ఐస్ పొడి తెచ్చేవాడు. "మన మిషన్ ఐసే బావా, చెయ్యి పెట్టు" అనేవాడు. వాడిది ప్రేమ. నేను మోచేతిదాకా చెయ్యి అందులో పాతేసేవాణ్ణి. కాసేపు మొద్దుబారేది, బయటికి తీశాక మంట రెట్టింపయ్యేది. మళ్ళీ పాతేసేవాణ్ణి. పోను పోను వేళ్ళు కొయ్యల్లా బిగుసుకుపోయాయి.

ఓనరుగారు పలకరించడానికొచ్చి "ఎక్స్‌రే బాగుందటగా నాంచారయ్యా?" అన్నారు. పని ఎగ్గొట్టడానికి నాటకమాడుతున్నానని ఆ మాటకి అర్థం. ఎడమచేత్తో స్టూలెత్తి విసిరాను. ఆయనకి తగల్లేదు, గుమ్మానికి తగిలి విరిగింది. ఇంకో రోజు టీవీ పగలగొట్టాను. తులసి మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. కానీ చేసుకుంటానేమోనని ఆవిడ కంచం నా ముందుకి తోసి దూరంగా నిలబడేది. అది చూస్తే ఏడుపొచ్చేది, ఆ ఏడుపు మీద మళ్ళీ కోపమొచ్చేది.

తులసే వాకబు చేసి నన్ను గుడివాడ తీసుకెళ్ళింది. అక్కడ నొప్పులకి వైద్యం చేసే డాక్టరమ్మ ఉన్నారు. ఆవిడ నా చెయ్యి ముట్టుకోకుండా చాలాసేపు చూశారు. తర్వాత దూది తీసి ఎడమచేతి మీద రాసి, అదే దూదిని కుడిచేతికి ఆనించారు. నేను కుర్చీతో సహా వెనక్కి పడ్డాను.

"దీన్ని సీఆర్‌పీఎస్ అంటారండి" అన్నారావిడ. "ఎముక మానింది. నరాలకి ఆ సంగతి తెలియలేదు. ఇంకా దెబ్బ తగులుతూనే ఉందని అరుస్తున్నాయి. మీది నిజమైన నొప్పే."

అంతమందిలో మీది నిజమైన నొప్పే అన్న మొదటి మనిషి ఆవిడ. నేల మీద కూర్చునే భోరుమన్నాను.

ఐస్ సంగతి చెప్పగానే మాత్రం ఆవిడ మండిపడ్డారు. "రోజూనా? దీనికి ఐస్ పెట్టకూడదండీ! అసలే రక్తం సరిగ్గా తిరగడం లేదు, ఇంకా బిగుసుకుపోదూ?" అని కేకలేశారు. నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేయించి పెద్ద నరాలేవీ తెగలేదన్నారు. మాత్రలు రాశారు. ఫిజియోథెరపీ అతను రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నాడు, దూది, గుడ్డ, ఇసక ఒక్కొక్కటే చేతికి తాకించి అలవాటు చెయ్యమన్నాడు. నేను బంతిని కిటికీలోంచి విసిరేశాను. మెడ దగ్గర నరాలని మొద్దుబార్చే బ్లాక్ ఇంజెక్షన్ కూడా చేశారు. కొన్నాళ్ళు హాయిగా ఉంది. హమ్మయ్య అనుకునేలోపు మంట తిరిగొచ్చింది, ఈసారి భుజందాకా.

ఆ రోజు డాక్టరమ్మ బల్ల గుద్ది మరీ అడిగాను. "ఈ చెయ్యి నాకొద్దు. నరికెయ్యండి."

"తీసేసినా నొప్పి పోతుందని నమ్మకం లేదండి. లేని చెయ్యి కూడా మండుతుంది."

"మీరు నరక్కపోతే నా క్రషరుంది. దాంట్లో పెడతాను."

ఉత్తుత్తి బెదిరింపు కాదది. ఏ పూట హార్బర్లో జనం తక్కువుంటారో అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాను. డాక్టరమ్మ తొణక్కుండా నన్ను పక్కగదిలోని మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. ఆయన ఇంకో మాత్ర రాశారు. నన్ను ఒంటరిగా వదలొద్దని తులసికి ఇద్దరూ గట్టిగా చెప్పారు.

తులసి నన్ను బందరు తీసుకెళ్ళలేదు. పామర్రులో దింపి అవనిగడ్డ వైపు వెళ్ళే బస్సెక్కించింది.

"ఎక్కడికే?" అన్నాను.

"క్రషర్ లేని ఊరికి" అంది.

దివిసీమలో, నాగాయలంక అవతల పల్లెలో తులసి వాళ్ళక్క ఉంటుంది. నాకు వదిన. ఆవిడకో పాలగేదె ఉంది. గేదెకి పొడిచే అలవాటు, వదినకి తిట్టే అలవాటు. ఇంట్లో ఫ్యానుంటే భరించలేనని నేను గేదెల పాకలో చేరాను. కళ్ళు మూసుకుని కూర్చుంటే ఆ గేదె మెడ చాచి నా కుడిచేతిని ఒక్క నాకు నాకింది. ఆకురాయితో గీకినట్టుంటుంది ఆ నాలుక. కళ్ళు బైర్లు కమ్మాయి. ఎడమ పిడికిలితో దాని మూతి మీద గుద్దాను. మళ్ళీ గుద్దాను. అది తల దించి, నన్ను కొమ్ములతో ఎత్తి దడికేసి కొట్టింది. దడి విరిగింది, పక్కటెముకలు కదిలిపోయాయి, పేడలో బోర్లాపడ్డాను.

వదిన వచ్చి ముందు గేదె మూతి తడిమి చూసింది.

"మూగజీవాన్ని కొట్టడానికి నీకు చేతులెలా వచ్చాయయ్యా?"

"నా చెయ్యి నాకింది వదినా!"

"నాకితే? కొరికిందా?"

ఆ పూట గేదె పాలు చేపలేదు. దూడని వదిలినా, తవుడు పెట్టినా పొదుగులో ఉన్న పాలు కిందికి దింపలేదు. బెదిరిన గేదె అంతే చేస్తుందట. "నువ్వు బెదరగొట్టావు, నువ్వే మచ్చిక చెయ్యి" అని వదిన తీర్పు చెప్పింది. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి రెండు పూటలా పొదుగు తుడవాలి. ఎడమచేత్తో తుడుస్తానన్నాను. "ఎడమచెయ్యి దాని కాలికి అడ్డం పెట్టుకో, లేకపోతే పళ్ళు రాలగొడుతుంది" అంది.

కుడిచెయ్యి నీళ్ళలో ముంచగానే అరుపు గొంతుదాకా వచ్చింది. అరిస్తే గేదె బెదురుతుంది. తువ్వాలు నోట్లో కుక్కుకుని తుడిచాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. గుడ్డ గట్టిగా తగిలితే గేదె కాలెత్తేది, మెత్తగా తగిలితే ఊరుకునేది. దానికి నా మీద జాలి లేదు, అనుమానమూ లేదు. ఇంటి దగ్గర ఈ రెంటితోనే నా తల ప్రాణం తోకకొచ్చింది. పాకలో ఆ బాధ తప్పినందుకు, సిగ్గు విడిచి చెబుతున్నాను, హాయిగా అనిపించింది.

కొన్నాళ్ళకి చేపింది. పొదుగు మెత్తబడి, చన్నులు నిండటం నా వేళ్ళకే తెలిసింది. మంట పోలేదు. కానీ మంట కాకుండా ఇంకోటి కూడా ఆ చేతికి తెలుస్తోందని మొదటిసారి గమనించాను. తర్వాత గుడ్డ మానేసి అరచేత్తోనే తుడిచాను. ఎండ ఎక్కాక పలుపు పట్టుకుని కాలవకి తోలుకెళ్ళేవాణ్ణి. అది నీళ్ళలో పడుకుంటే దాని వీపు మీద నీళ్ళు చల్లుతూ కూర్చునేవాణ్ణి. కొంగలు వచ్చి మా ఇద్దరి చుట్టూ తిరిగేవి. బురద, తవుడు, ఎండుగడ్డి, తడి తోలు, అన్నీ చేతికి తగిలేవి. ఫిజియో అతను చెయ్యమన్నది అదేనని నాకు తట్టనేలేదు. ఒకరోజు రెండు వేళ్ళతో చన్ను పట్టి లాగితే సన్నగా పాలధార పడింది. వదిన చూసి "పిల్లి తాగడానికి సరిపోతాయి" అంది. తులసి మాత్రం ఆ కాసిని పాలతోనే టీ పెట్టి, ముందు నాకిచ్చింది.

అంతా బాగుందనుకుంటుండగా జోరీగ కుట్టి గేదె ఎగిరి తన్నింది. గిట్ట సరిగ్గా నా మణికట్టు మీద పడింది. చుక్కలు కనిపించాయి. పాలన్నీ ఒలికిపోయాయి. చూరులో దోపి ఉన్న కొడవలి లాక్కుని లేచాను. గేదె మీదికా, నా చేతి మీదికా అంటే అప్పుడు నాకే తెలియదు. తులసి నా మీదపడి కొడవలి గుంజుకుంది. ఆవిడ అరచెయ్యి కోసుకుపోయి రక్తం కారింది. కొడవలిని కాలవలోకి విసిరికొట్టి నా మీదికి తిరిగింది.

"ఈ ఇంట్లో నీ చెయ్యొక్కటే నొప్పెడుతోందా? నేను కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో ఒక్కసారన్నా అడిగావా?"

మా పెళ్ళయ్యాక ఆవిడ నన్ను నువ్వనడం అదే మొదలు. ఆవిడ చేతికి నా తువ్వాలు చుట్టాను. కుడిచేత్తో ముడి బిగించి కట్టాక గానీ, ఆ చేత్తో ముడి వెయ్యగలుగుతున్నానని ఇద్దరం చూసుకోలేదు.

మర్నాడు గుడివాడ వెళ్ళాం. కొత్తగా ఏమీ విరగలేదు. డాక్టరమ్మ పిడికిలి బిగించమన్నారు. బిగిసింది.

"ఏం చేశారండీ? బంతి నొక్కమంటే విసిరేశారుగా?"

"పాలు పితుకుతున్నానండి. బంతి నొక్కితే ఏమొస్తుంది?"

ఆవిడ నవ్వి, వెంటనే వేలు చూపించారు. "గేదె మందు కాదు. మాత్రలు ఆపొద్దు, ఫిజియో ఆపొద్దు, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళడం ఆపొద్దు. ఆ పని కూడా ఆపొద్దు."

ఆపలేదు. చెయ్యి నమ్మకంగా పట్టు చిక్కేదాకా దివిసీమలోనే ఉన్నాం. తర్వాత గిలకలదిండి వచ్చాను. క్రషర్ ఆన్ చేసిన మొదటి రోజు రహీమ్ నా వెనకే నిలబడ్డాడు. ఇప్పుడు లారీ దిమ్మలు దించేటప్పుడు మిషన్ ఆపేస్తాను. బోటువాళ్ళు తొందరపెడితే పెట్టనీ. ఇదివరకైతే వాళ్ళకంటే ముందు నేనే తొందరపడేవాణ్ణి. పనికొచ్చే ముందు మా వీధి చివర గేదెలున్న ఇంట్లో పాలు పితికి వస్తాను. అక్కడ గొంతు పెంచితే పాలు రావు. ఆ నెమ్మదితోనే హార్బర్లో అడుగుపెడతాను, మధ్యాహ్నందాకా అది నాతో ఉంటుంది. "బావా, నువ్వు తిట్టకపోతే బోటువాళ్ళకి తోచడం లేదు" అంటాడు రహీమ్. పని మీద ఇష్టమనే మాట నేను ఈమధ్యే అంటున్నాను.

చెయ్యి పూర్తిగా నయం కాలేదు. చలికాలం మండుతుంది. చిటికెనవేలు చాచలేను. మాత్రలు తగ్గాయి, పోలేదు. కోపం కూడా అంతే.

మీలో ఎవరికైనా కట్టు విప్పాక ఇలా మండితే, ఎక్స్‌రే బాగుందన్న మాటతో ఇంటికెళ్ళిపోకండి, నొప్పులు చూసే డాక్టర్ని వెతుక్కోండి. ఆయన చెప్పినంతవరకు ఆ చేతికి రోజూ ఒక పని పెట్టండి. వీలుంటే ఆ పని ఒక పశువు దగ్గర పెట్టుకోండి. వేళకి మీ చెయ్యి రాకపోతే అది కట్టుకొయ్య దగ్గర నిలబడి అరుస్తుంది. ఆ చెయ్యే కావాలని ఒక ప్రాణి అలా అరుస్తుంటే, చేతిని నరికెయ్యమని అడగడానికి నాకు నోరు రాలేదు.