అప్పన్న తీయని చీటీ

అది 2018 జులై, రెండో మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నర. విజయనగరంలో నేను పనిచేసిన ఆసుపత్రి, పిల్లల మెదడు ఆపరేషన్ల వార్డు. ఆపరేషన్‌కు ముందు పిల్లల తల గొరగడం నా పని. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ని, పెద్ద మాటలు రావు. జరిగింది రాస్తాను.

మా సర్జన్ డాక్టర్ నిర్మల. తలలో నీరు చేరిన పిల్లలకు షంట్ వేసేవారు. షంట్ అంటే ఆ నీటిని చర్మం కిందుగా కడుపులోకి దించే సన్నటి గొట్టం. దానికి చీము పడితే కథ మళ్లీ మొదటికొస్తుంది. చీము ఎందుకు పడుతుందన్నదే ఆవిడ ఏళ్ల తరబడి చేసిన పరిశోధన. ఆ ఏడు ప్రశ్న నా కత్తి మీదకే వచ్చింది. జుత్తు గొరిగితేనే మంచిదా, గొరక్కుండా శుభ్రంగా కడిగితే చాలా?

"చాలని తేలితే నీకిక్కడ పనుండదు సత్తెయ్యా," అని ముందే చెప్పేశారు.

"ముందు తేల్సండమ్మా. ఏడుపు సంగతి తరవాత సూద్దాం," అన్నాను.

ఎవరికి గొరగాలన్నది డాక్టరు ఎంచుకోకూడదు, తల్లీ ఎంచుకోకూడదు. కంప్యూటరే చీటీ తీస్తుంది. రాండమైజేషన్ అంటారు. ముందుగా ఇంటివాళ్లకు అంతా చెప్పి ఒప్పించుకోవాలి.

ఆ రోజు సాలూరు వైపు నుంచి హేమంత్ అనే తొమ్మిది నెలల బిడ్డ వచ్చాడు. మాడు ఉబ్బిపోయింది, కళ్లు కిందికి దిగిపోయాయి, తాగిన పాలు తాగినట్టే కక్కేస్తున్నాడు. తల్లి రాజేశ్వరి ఏడుస్తూ కూర్చుంది. అమ్మమ్మ పైడమ్మ మాత్రం బిడ్డ తల మీంచి చెయ్యి తీయలేదు.

"సింహాద్రి అప్పన్నకి మొక్కిన పుట్టు జుత్తిది. కొండ మీద తప్ప కత్తి పడ్డానికి నేదు."

డాక్టరమ్మ పరిశోధన గురించి, చీటీ గురించి ఓపిగ్గా చెప్పారు. చీటీ అనగానే పైడమ్మ ముఖం తేటపడింది. "అయితే సరే. ఏలిముద్ర ఎక్కడెయ్యాల?"

డాక్టరమ్మకు ప్రాణం లేచొచ్చింది. పరిశోధనకు పిల్లలు చాలక దిగులుపడుతున్న రోజులవి. వేలిముద్రకు కాగితాలు తేవడానికి ఆవిడ లోపలికి వెళ్లారు.

నేను నీళ్లు సిద్ధం చేస్తూ అడిగాను. "ఇందాకా ససేమిరా అన్నావు. ఇప్పుడేటయింది సెల్లీ?"

"సీటీ అన్నారు గదన్నియ్యా. మా ఊల్లో తగువొచ్చినా అప్పన్న పటం ముందు సీటీలే ఏస్తాం. తీసేది ఆయనే. ఆయన జుత్తు, ఆయనిష్టం."

"ఇది మెషిన్ తీస్తాది సెల్లీ."

"మెషిన్ సేత తీయించేది ఎవులేటి?"

ఊరుకుంటే అందరి పనీ అయిపోతుంది. అయినా వెళ్లి, పైడమ్మ దీన్ని అప్పన్న చీటీ అనుకుంటోందని డాక్టరమ్మకు చెప్పాను. నర్సు గ్రేసమ్మ నా మీద పడింది. "ఒప్పుకున్నోళ్లని కదపడమెందుకు మావా? బిడ్డెలాగున్నాడో సూడు."

డాక్టరమ్మ వచ్చి పైడమ్మ పక్కన నేల మీద కూర్చున్నారు. "ఈ చీటీ అప్పన్నది కాదమ్మా. గొరగడం మంచిదో కాదో నాకు తెలీక వేస్తున్న చీటీ."

"తెల్దా? ఇంత సదువు సదివీ?"

"తెలీదు. తెలుసుకోవడానికే ఇదంతా."

"అప్పన్నది కాకపోతే నానొప్పుకోను."

గ్రేసమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

"సరే, పరిశోధనలో కలపను," అన్నారు డాక్టరమ్మ. "జుత్తు ఉంచే చేస్తాను. చీము భయం గొరిగినా ఉంది, గొరక్కపోయినా ఉంది. ఆలస్యం చేస్తే మాత్రం బిడ్డ దక్కడు. రాజేశ్వరీ, నువ్వు చెప్పు."

రాజేశ్వరి తన తల్లి వైపు చూడలేదు. "సేసియ్యండమ్మా," అంది.

అప్పుడు పైడమ్మ చెయ్యి తీసింది. నేను దువ్వెనతో పాపిడి తీసిచ్చాను.

బిడ్డ కోలుకున్నాడు. మరుసటేడు సింహాచలం కొండ మీద తలనీలాలు తీసే మనిషికి గొట్టం ఉన్న చోటు వేలితో చూపించడానికి పైడమ్మ నన్ను వెంటబెట్టుకెళ్లింది. తర్వాత మా వార్డులో కడిగితే చాలని తేలింది, నా పనీ పోయింది. డాక్టరమ్మ చెప్పినట్టే. ఏడవలేదు. తెలీదన్న మాట ఆవిడ ఆ రోజు పైడమ్మ దగ్గర దాచి ఉంటే ఆ తేలిన మాటను నేను నమ్మేవాణ్ని కాదు. నేను నేర్చుకున్నది ఇదే.

ఆ రోజు అక్కడున్నవాళ్లం: డాక్టర్ నిర్మల, నర్సు గ్రేసమ్మ, పైడమ్మ, రాజేశ్వరి, తల నిండా జుత్తుతో హేమంత్, కత్తి తీయని నేను, సత్తెయ్యని.